చిన్న పక్షపాతం

బెంగళూరు,
11 నవంబరు 2024

నిర్మలక్కా,

సిగ్నల్ అందే రాయి ఎక్కి ఫోన్ చేస్తే చుట్టూ మూగినవాళ్ళంతా వింటున్నారని నువ్వు ఉత్తరాలు మొదలుపెట్టావు చూడు, నాకు అదే మేలయింది. ఇక్కడ నాకూ తెలుగులో తిట్టుకోవడానికి ఒక చోటు కావాలి.

ముందు మంచి కబురు. మా పేపరు అచ్చయింది. మొదట మా గైడు శ్రీకంఠన్ సారు పేరు, తర్వాత నాది. నువ్వు పిల్లలకి సైన్సు చెప్పేదానివి, ఓపిగ్గా చదువు.

వాన చినుకు ఒకటి సరిగ్గా కొండ గట్టు మీద పడిందనుకో. ఇటొక లోయ, అటొక లోయ, రెండూ ఒకే లోతు. ఇటే పోవాలని చినుక్కి ఏ నియమమూ లేదు. అయినా ఏదో ఒక వైపు పోక తప్పదు. నియమంలో సమానత ఉంది, జరిగినదానిలో లేదు. సౌష్ఠవం తనంతట తాను విరగడమంటే ఇదే. మేము చూసేది లోయలు విడివిడిగా, లెక్కకి అందేటట్టు ఉన్నప్పటి సంగతి.

స్కేలార్ నీకు తెలుసు. ఉష్ణోగ్రతలాగా ప్రతి చోటా ఒక విలువ, దిక్కు ఉండదు. దిక్కులేనిదని నవ్వకు. దానికీ ఒక కణం ఉంటుంది, దాన్ని తేలికగా ఉంచడం మహా కష్టం, చుట్టుపక్కలవన్నీ దాని బరువు పెంచేస్తాయి. మా ఉపాయమేమిటంటే, ఈ లోకానికి అచ్చు ఇలాంటి నకళ్ళే ఇంకొన్ని ఉన్నాయనుకోవడం. అన్నీ గుండ్రంగా నిలబడి ఆ కణాన్ని తలో వైపు సమానంగా లాగితే, లాగుళ్ళు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. కణం తేలికగా మిగులుతుంది.

ఒక్క చిక్కుంది. లోకం చల్లబడేటప్పుడు ఒక ప్రాంతం ఇటు లోయనీ, పక్క ప్రాంతం అటు లోయనీ పట్టుకుంటే మధ్యలో గోడ మిగిలిపోతుంది. ఆకాశం నిండా అలాంటి గోడలుంటే మనమెవరం ఉండం. సారు దాన్ని ఒక్క వాక్యంలో దాటించేశారు. ఒక లోయ రవ్వంత లోతుగా ఉంటే, అంటే చిన్న పక్షపాతం ఉంటే, గోడలు వాటంతటవే పోతాయట. నాకు ఆ వాక్యం మింగుడుపడలేదు. తర్వాత చూడాలి.

ఇప్పుడు రోత కబురు. మా సంస్థ ప్రచార విభాగంలో హారిక అని ఒకామె ఉంది, మన తెలుగామే. పేపరు గురించి వీడియో తీస్తామని వచ్చింది. "మీ అరకులో ధింసా ఉంది కదండీ, గుండ్రంగా తిరుగుతారు. మీ థియరీ కూడా గుండ్రమే! ఆ డాన్స్ నుంచే ఐడియా వచ్చిందని చెబుదామా?" అంది. రాలేదన్నాను. "అబ్బే, అలా అంటే ఎవరు చూస్తారండీ?" అని చీర తెప్పించింది. అది మనం కట్టే చీరా కాదు, కట్టే తీరూ కాదు. సారు నవ్వుతూ "సంస్థకి మంచిదమ్మా" అన్నారు. కట్టుకున్నాను అక్కా. ఇంటికొచ్చి స్నానం చేసినా ఒంటి మీద ఏదో పాకుతున్నట్టే ఉంది.

పెద్దమ్మకి ఈ ముక్క చెప్పకు.

నీ చెల్లి,
భాను

కురిడిపుట్టు, పెదబయలు మండలం,
26 నవంబరు 2024

భానుకి అక్క రాసేది.

చెప్పకముందే అమ్మకి తెలిసిపోయింది. సంతలో కామేష్ ఫోన్‌లో ఆ వీడియో చూపించాడట. కామేష్ గుర్తున్నాడు కదా, మన ఊరివాడే, ఇప్పుడు విద్యార్థి సంఘం నాయకుడు, తెల్ల చొక్కా తప్ప తొడగడు. అమ్మ ఇంటికొచ్చి బుట్ట దించకుండానే మొదలుపెట్టింది. "ఓలమ్మో, ఆ గుంటకి ధింసా ఎప్పుడొచ్చినాదే? పెళ్ళిలో అడుగు తప్పీసి నలుగుర్ని పడగొట్టీది కదా! ఆ సీరేటి, ఆ కట్టుడేటి?" అని. నవ్వుతూనే అంది గాని, బుట్ట విసురుగా దించింది. నీ తల్లి పోయాక నిన్ను పెంచింది తనే కదా, నిన్ను ఎవరో బొమ్మలా అలంకరించారంటే ఆమెకి గుచ్చుకుంది.

నీకు ఒక్కదానికే అనుకోకు. వలిసె పూలు విరగబూశాయి. అరకు దారిలో కార్లే కార్లు. పచ్చటి చేలో పడి పొర్లుతున్నారు ఫొటోల కోసం. మనవాళ్ళ చీరలూ పూసలూ అద్దెకిచ్చే దుకాణాలు వెలిశాయి. మొన్న మా ఆరో తరగతి పిల్లలు బడికొస్తుంటే ఒకామె ఆపి, "ఆ చెప్పులు తీసేయండి, నేచురల్‌గా ఉంటుంది" అని ఫొటో తీసుకుందట. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని బడికొచ్చారు, అదేదో రూలనుకుని.

నీ పేపరు సంగతి ఊళ్ళో చెప్పాను. అమ్మ అంది, "అంత తేలికదైతే ఎగిరిపోద్ది కదా, మరెలా పట్టీనారు?" ఎవరూ పట్టుకోలేదని చెబితే, పట్టుకోనిదానికి అంత సంబరమేమిటని అడిగింది.

నిజం చెప్పాలంటే నీ ఉత్తరంలో వాన చినుకు దాకా బాగా అర్థమైంది. స్కేలార్ దగ్గర పిల్లల భోజనం గంట కొట్టారు. తర్వాతి పేరా వదిలేసి హారిక దగ్గరికి వెళ్ళిపోయాను. కోప్పడకు.

సరిగ్గా తిను.

అక్క

బెంగళూరు,
9 డిసెంబరు 2024

అక్కా,

పొడుగ్గా రాసే ఓపిక లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది.

గోడల దగ్గరే ఇరుక్కుపోయాం. నేను అనుమానించినంతా అయింది. చిన్న పక్షపాతం ఉంటే తప్పేమిటి, అందరూ అలాగే రాస్తారు అంటారు సారు. చిన్నదైతే గోడ పోదు. గోడ పోయేటంత ఉంటే అది చిన్నది కాదు. దాంతో అంతా మోయలేనంత బరువైపోతోంది. ఆయన గదిలో నిలబడి ఇదే చెప్పాను. తలుపు దగ్గరికి వేసి, "భానూ, నీకు ముందు చాలా జీవితం ఉంది, ఇది బయట మాట్లాడకు" అన్నారు. ఈ ఏడాది ఆయన పెద్ద పదవికి పోటీలో ఉన్నారు.

ఎవరూ చూడటం లేదు అక్కా. చూపించిన ప్రతివాళ్ళూ కళ్ళు తిప్పుకుంటున్నారు. ఇంత చదువుకున్నవాళ్ళు, కళ్ళ ముందున్నదాన్ని లేదంటారు. వీళ్ళ పక్కన కూర్చుని తింటుంటే ముద్ద దిగడం లేదు.

నువ్వయితే అర్థం చేసుకుంటావు.

భాను

కురిడిపుట్టు,
20 డిసెంబరు 2024

భానూ,

నీ ఉత్తరం బడి వరండాలోనే చదివాను. అర్థమైంది. విడమరచి రాయలేవని కూడా అర్థమైంది. ఉత్తరం ఎవరైనా విప్పుతారని భయపడి ఉంటావు.

గోడలూ, పక్షపాతమూ, తలుపు వేసి బెదిరించడమూ. నాకెవరూ వివరించనక్కర్లేదు. చిన్నదైతే తప్పేమిటని పైగా అడుగుతాడా! ఛీ! పెద్ద సైంటిస్టు! ఆ చీర కట్టించిన రోజే నేను గ్రహించాల్సింది.

నువ్వు ఒంటరిదానివి కాదు. కామేష్‌తో మాట్లాడాను. పళ్ళు పటపట కొరికాడు. "ఏటక్కా, ఈ మాట ముందే సెప్పకపోయావా? మనోళ్ళంటే అంత లోకువైపోనాదా? నువ్వు ఊరుకో, నాను సూసుకుంటాను, బేగి పేపర్లో ఏయించేత్తాను" అన్నాడు. నీ పేరు రాయొద్దన్నాను. సరేనన్నాడు.

అమ్మకి వేరేగా చెప్పాను, నీకు ఒంట్లో బాగోలేదని. అంబలికి చోడిపిండి, కారప్పొడి కట్టి పంపుతోంది. తలెత్తుకుని ఉండు.

అక్క

బెంగళూరు,
11 జనవరి 2025

నిర్మలక్కా,

ఏం చేశావు నువ్వు?

పేపర్లో మూడు కాలమ్‌ల వార్త. "గిరిజన పరిశోధకురాలిపై వివక్ష: గోడలు కట్టిన గైడ్." నా పేరుంది, నా ఫొటో ఉంది, ఆ దిక్కుమాలిన చీరలో. నేను మొట్టమొదట రాసిన ఉత్తరం తీసి ఐదో పేరా చదువు. భోజనం గంట కొట్టారని వదిలేశావే, అది. గోడలంటే ఆకాశంలో గోడలు. పక్షపాతమంటే ఒక లోయ ఇంకోదాని కంటే లోతుగా ఉండటం. నా బాధ లెక్క గురించి! నకళ్ళన్నీ అచ్చు ఒక్కలా ఉంటేనే కణం తేలికగా ఉంటుంది. గోడల్ని తోసేసేలా ఒక లోయని లోతు చేయాలని ఒక నకలుని వేరుగా చేస్తే ఆ సమానత పోతుంది, కణం బరువెక్కుతుంది. గోడ పోవాలంటే తేలిక పోవాలి, తేలిక ఉండాలంటే గోడ ఉండాలి. మా పేపరు తప్పు. నేను చెప్పదలచుకున్నది అంతే.

ఇప్పుడు నా మీద విచారణ సంఘం వేశారు. నా మీద కాదట, నా కోసమట. నలుగురు కూర్చున్నారు, బిస్కెట్లు పెట్టారు. ఇంగ్లీషులో లోయల పక్షపాతానికీ మనుషుల పక్షపాతానికీ ఒకటే మాట, బయాస్. అధ్యక్షుడు అడిగాడు:

"మీ గైడు దగ్గర బయాస్ ఉందంటారా?"

"ఆయన దగ్గర కాదు సార్, పేపర్లో ఉంది."

"పేపర్లో రాతపూర్వకంగా ఉందా!"

"ఉంది సార్. చాలా చిన్నదని రాశారు. కాని ఎంత చిన్నదైనా ఉండకూడదు."

రాసుకున్నాడు అక్కా. బయాస్ ఉంది, లిఖితపూర్వకంగా ఉంది, ఉండకూడదని బాధితురాలు కోరుతోంది. నేను బల్ల మీద నా లెక్క కాగితాలు పెట్టాను. ఒకాయన వాటి మీద టీ కప్పు పెట్టాడు.

నాలుగేళ్ళు కష్టపడి నేను ఒకే ఒక్క నిజం పట్టుకున్నాను. నిన్నటిదాకా దాన్ని పట్టించుకోలేదు. ఈరోజు నుంచి దాన్ని కక్ష అంటారు. "పాపం, ఆ అమ్మాయికి సారంటే కోపం, అందుకే పేపరులో తప్పులు వెతుకుతోంది." క్యాంటీన్‌లో నా వెనకాలే అన్నారు.

నువ్వు అడిగి ఉండొచ్చు కదా. ఒక్క ఉత్తరం.

భాను

కురిడిపుట్టు,
22 జనవరి 2025

భానూ,

ఐదో పేరా చదివాను. నాలుగోది కూడా. నువ్వు చెప్పింది నిజం, అందులో అంతా ఉంది.

నేను అడగలేదు. ఎందుకు అడగలేదో చెబుతాను. నీకు గోడ అంటే ఆకాశంలోది. నాకు గోడ అంటే విశాఖలో నేను బీఎడ్ చేసిన హాస్టల్లో మంచినీళ్ళ గదికీ మా గదుల వరసకీ మధ్య ఉన్నది. అటు బిందె మేము ముట్టుకోకూడదని ఎవరూ రాసి పెట్టలేదు. అయినా అందరికీ తెలుసు. నీ ఉత్తరంలో గోడ, పక్షపాతం, తలుపు వేయడం, ముద్ద దిగకపోవడం, ఇవన్నీ ఒక్కచోట చూశాక నాకు ఇంకేం తోచాలి? నాకు తెలిసిన లోకంలో ఆ మాటలకి ఇంకో అర్థం లేదు.

కామేష్ దగ్గరికి వెళ్ళాను. పొరపాటు జరిగింది, ఆపేయమన్నాను. వాడు అద్దంలో చూసి తల దువ్వుకుంటూ విన్నాడు. "నువ్వు పొరపడ్డావేమో గాని జనం పొరపడనేదు కదక్కా. పాడేరులో ధర్నా పెట్టీసినాం. లారీలు మాట్లాడీసినాం. ఇప్పుడు ఆపితే నా పరువేటైపోద్ది?"

"దాని బతుకేటైపోద్దిరా?" అన్నాను.

"దానికేటి, పేరొస్తాది" అన్నాడు.

ఛీ, వాడికి చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది నేనే. వాడి ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో నువ్వు అరచేయంత ఉన్నావు, వాడు ఆరడుగులున్నాడు.

ఒక్కటి మాత్రం అడుగుతాను, కోప్పడకుండా చెప్పు. అక్కడ నిజంగా ఏ పక్షపాతమూ లేదా? నేను అనుకున్నది?

అక్క

బెంగళూరు,
3 ఫిబ్రవరి 2025

అక్కా,

అడిగావు కాబట్టి చెబుతాను.

ఉంది. సెమినార్లో నేను ప్రశ్న అడిగితే జవాబు నా పక్కనున్నవాడికి చెబుతారు. కోటాలో వచ్చినా బాగానే లెక్కలు చేస్తుందే అని నా ముందే మెచ్చుకున్నారు. నేను కాఫీ తాగనంటే "అరకు అమ్మాయి కాఫీ తాగదా!" అని ఏడాదిగా అదే జోకు. ఆ చీర సంగతి నీకు తెలుసు. ఉంది అక్కా, లేకుండా ఎక్కడికి పోతుంది?

కాని నేను రాసింది దాని గురించి కాదు. దాని గురించి మాట్లాడాలనుకున్న రోజు నేనే గొంతెత్తి మాట్లాడతాను. ఇది వేరు. నా లెక్కని లెక్కగా చూడమన్నాను. రెండూ కలిపి ముద్ద చేసేశాక ఇప్పుడు ఏదీ మిగల్లేదు. ఆ అవమానం గురించి అడిగితే లెక్క చూపించి నవ్వుతారు, లెక్క గురించి అడిగితే జాలిగా చూస్తారు.

నిన్న అధ్యక్షుడు పిలిచాడు. మాట చాలా తియ్యగా ఉంది. గైడుని మారుస్తారట. విదేశంలో సదస్సుకి పంపుతారట. మహిళా దినోత్సవం నాడు సన్మానం చేస్తారట. నేను తృప్తిగా ఉన్నానని ఒక్క ముక్క రాసివ్వాలి. ఆ నోటు మాత్రం ప్రస్తుతానికి బయటపెట్టొద్దట, కక్షసాధింపులా కనిపిస్తుందట. నోటు అంటే గోడల మీద నేను విడిగా రాసిన చిన్న పేపరు. "మీరు చదివారా సార్?" అన్నాను. "నా రంగం కాదమ్మా" అన్నాడు. పక్కనే సారు కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నారు. ఆయన రంగమే. ఆయనా చదవలేదు.

లేచి వచ్చేశాను. మెట్ల దగ్గర వాంతి అయింది. ఊడ్చే ఆమె నీళ్ళు తెచ్చి ఇచ్చింది. విశేషమా అని అడిగింది. ఆ ఒక్కటే ఈ వారంలో నాకు నవ్వొచ్చిన మాట.

నీ మీద కోపం తగ్గింది. పోయిందని చెప్పను.

భాను

కురిడిపుట్టు,
14 ఫిబ్రవరి 2025

భానూ,

పాడేరు వెళ్ళాను. ధర్నాకి.

వెళ్తానని అమ్మతో అంటే తనూ బయల్దేరింది. లారీలో పసుపు బస్తాల మధ్య కూర్చుని వెళ్ళాం. షామియానా, మైకు, కామేష్ తెల్ల చొక్కా. జనం బాగానే వచ్చారు. సగంమందికి నీ పేరు తెలియదు. ఒక ముసలాయన్ని ఏ పని మీద వచ్చావు తాతా అంటే "పింఛనేమోనమ్మా" అన్నాడు.

నన్ను వేదిక మీదికి పిలిచారు, అక్కగా ఏడవడానికి. మైకు తీసుకుని చెప్పాను. "నా చెల్లి నాకు రాసింది లెక్క గురించి. నేను చదవకుండా వేరేగా అనుకున్నాను. తప్పు నాది. ఆ సారు పేపర్లో తప్పుందని చెల్లి అంటోంది, అది తప్పో కాదో చదివి చెప్పమంటోంది. మీరు అడగదలిస్తే అది అడగండి." ఇంతే చెప్పాను.

వెనక నుంచి ఒకామె అరిచింది, "బెదిరించీసినారమ్మా దీన్ని!" ఇంకొకడు "ఎంతకి అమ్ముడైపోనావే?" అన్నాడు. కామేష్ నా చేతిలో మైకు లాక్కుని, "సూశారా, ఆళ్ళ దౌర్జన్యం ఎంతవరకొచ్చినాదో!" అన్నాడు. చప్పట్లు! నేను చెప్పిన మాటే వాడికి ఎరువైంది. అమ్మ వేదిక ఎక్కి వాడి చొక్కా పట్టుకుంది. "నా కూతురు అబద్ధమాడద్దిరా? నువ్వేటి సేత్తన్నావో నీకు తెల్దా?" అని. ఇద్దరు కుర్రాళ్ళు అమ్మని దించేశారు. మోచెయ్యి గీరుకుపోయింది, ఇంకేం కాలేదు. లారీలో మమ్మల్ని ఎక్కించుకోలేదు. జీపు దొరికేదాకా రోడ్డు పక్కన నిలబడ్డాం. అమ్మ ఊసింది, కారం నమిలినట్టు పదే పదే ఊసింది.

మర్నాడు పేపర్లో చిన్న వార్త. "మాట మార్చిన అక్క." ఇంకో సంగతి, ప్రభుత్వ ఉద్యోగి ధర్నాలో పాల్గొన్నందుకు నాకు డెప్యుటేషన్ ఆర్డరు వచ్చింది. రంపచోడవరం అవతల ఒక బడికి. ధర్నా ఆపబోయినందుకు కాదు, ధర్నాకి వెళ్ళినందుకు! హెడ్మాస్టరు కాగితం ఇస్తూ జాలి నటించాడు. ఆయన బంధువుల అమ్మాయి నా పోస్టులోకి వస్తోంది.

నేను బాధపడటం లేదు. రోత పడుతున్నాను. రెండూ వేరని ఇప్పుడే తెలిసింది.

అక్క

బెంగళూరు,
12 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి ఒక రోజంతా గదిలోంచి బయటికి రాలేదు. పెద్దమ్మ మోచెయ్యి ఎలా ఉంది? నువ్వు ఆ మైకు ముందు నిలబడి "తప్పో కాదో చదివి చెప్పండి" అన్నావు చూడు, ఈ నాలుగు నెలల్లో నా తరఫున సరైన మాట అన్నది నువ్వొక్కదానివే. అదీ పింఛను కోసం వచ్చినవాళ్ళ ముందు.

"మాట మార్చిన అక్క" ముక్క ఇక్కడికీ చేరింది. సంఘం సంతోషంగా ఫైలు మూసేసింది. ఫిర్యాదు నిరాధారం. దాంతోపాటే నా నోటు కూడా మూతపడుతుందని వాళ్ళ ఆశ. అదే సాయంత్రం నా ఒక్క పేరుతో దాన్ని అందరికీ కనిపించేటట్టు నెట్‌లో పెట్టేశాను. ఏ సన్మానానికీ సంతకం పెట్టలేదు.

పోయిన వారం సెమినార్ ఇచ్చాను. గది నిండింది. లెక్క వినడానికి కాదు, తగువు చూడటానికి. సారు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు. నేను బోర్డు మీద మొదటి నుంచి చేశాను. గోడని తోసేయాలంటే కనీసం ఇంత పక్షపాతం కావాలి, అంత ఉంటే కణం బరువు ఇంతవుతుంది, మన పేపర్లో చెప్పినదానికి కొన్ని లక్షల రెట్లు. ఎవరూ ఏమీ అడగలేదు. వెనక నుంచి ఎప్పుడో రిటైరైన ఒక ముసలి ప్రొఫెసరు లేచి, "గోడ ఉంది" అని, కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు.

అప్పుడు సారు లేచారు. "చక్కగా చెప్పావమ్మా. ఇది మాకు ముందే తెలిసిన విషయమే, అంత ముఖ్యం కాదని రాయలేదు" అన్నారు. అందరూ తలూపారు. డిసెంబరులో నా లెక్క తప్పు. జనవరిలో కక్ష. మార్చిలో అందరికీ ముందే తెలిసినది. ఏ నెలలోనూ ఎవరూ చదవలేదు. పేపరు సవరించి నెట్‌లో మళ్ళీ పెట్టారు. గోడల ఇబ్బంది గురించి ఒక పేరా కలిపారు, నా నోటు పేరెత్తలేదు. చివర "ఉపయోగకరమైన చర్చలకు కృతజ్ఞతలు" అని ఉంది, ఎవరికో లేదు. ఆయనకి పదవి వచ్చింది. నాకూ మిఠాయి డబ్బా పంపారు. చెత్తబుట్టలో వేశాను. చీమలు పట్టాయి, వాటికి కోపం లేదు.

ఆ ధింసా వీడియో తీసేయమని హారికని అడిగాను. "అయ్యో, లక్షలమంది చూశారండీ, ఇప్పుడెలా తీస్తాం?" అంది.

నేను మానేయడం లేదు. అయస్కాంతాల మీద పనిచేసే ఒక మేడమ్ ఉన్నారు. ఇనుములోనూ ఇలాంటి గోడలే ఉంటాయి, సూక్ష్మదర్శినిలో కళ్ళతో చూడొచ్చు. ఆవిడ దగ్గర చేరాను. ఇక గోడల్నే చదువుతాను.

నోటు నకలు ఒకటి దీనితో పెడుతున్నాను. చదవమని కాదు. నీ దగ్గరొకటి ఉండాలని.

భాను

రంపచోడవరం దగ్గర,
2 ఏప్రిల్ 2025

భానూ,

కొత్త బడిలో చేరాను. ఎండ మన వైపులా కాదు, పెనంలా ఉంది. అమ్మ నాతోనే వచ్చింది. ఇక్కడి నీళ్ళు బాగోలేవు, చింతపండు బాగోలేదు, మనుషుల మాట బాగోలేదని రోజంతా తిడుతోంది. మోచెయ్యి నయమైంది. కామేష్ మండలంలో ఏదో పదవి కొట్టాడట. ఫోన్ చేసి ఆశీర్వదించమన్నాడు. పెట్టేశాను.

నీ నోటు చదవడం మొదలుపెట్టాను. నవ్వకు. బడి లైబ్రరీలో ఇంగ్లీషు నిఘంటువు ఉంది. మా బీఎస్సీ పుస్తకాలు సంచిలో తెచ్చుకున్నాను. మొదటి పేజీ అయింది. రెండో పేజీలో ఆ పొడుగు సమీకరణం ఎందుకు వచ్చిందో తెలియలేదు గాని, అది వచ్చిందని ఒప్పుకుని ముందుకెళ్ళాను. మూడో పేజీ దగ్గర ఆగిపోయాను.

అక్కడ బొమ్మ వేశావు. ఎడమ వైపు లోయ లోతు తక్కువ, కుడి వైపుది కాస్త ఎక్కువ, మధ్యలో గోడ. గోడ జరుగుతుందని బాణం గీశావు. నీళ్ళు పల్లానికే పోతాయి కాబట్టి గోడ కూడా లోతైన వైపుకే, అంటే కుడికే జరగాలని నేననుకున్నాను. రెండు రోజులు ఆలోచించాను. నీ బాణం ఎడమకి ఉంది. బొమ్మ తప్పా, నేను తప్పా? నీ పేపరులో కూడా తప్పుంటే చెప్పడానికి మొహమాటపడను, చెబుతున్నాను.

బేగి రాయి. నాలుగో పేజీకి వెళ్ళలేకపోతున్నాను.

అక్క

బెంగళూరు,
11 ఏప్రిల్ 2025

నిర్మలక్కా,

బొమ్మ సరిగ్గానే ఉంది. తప్పు నీదే.

గోడ చినుకు కాదు, తనంతట తాను పల్లానికి జారడానికి. అది రెండు ప్రాంతాల మధ్య సరిహద్దు. లోతైన లోయలో ఉన్న ప్రాంతానికి శక్తి తక్కువ, అందుకని అది పెరగాలని చూస్తుంది. పెరుగుతూ లోతు తక్కువ ప్రాంతాన్ని ఆక్రమిస్తుంది. అంటే గోడని ఎడమకి తోస్తుంది. సంతలో జనం పెరిగినవైపు నుంచి తాడు అవతలికి జరిగినట్టు అనుకో. నువ్వు చినుకునీ గోడనీ కలిపేశావు. అందరూ మొదట ఇదే తప్పు చేస్తారు, నేనూ చేశాను.

తప్పు నీదని నీకు రాస్తుంటే నాకెంత హాయిగా ఉందో తెలుసా! నువ్వు జాలి పడలేదు, మెచ్చుకోలేదు, ముందే తెలుసనలేదు. మూడో పేజీలో బాణం ఎటుందని అడిగావు. ఇన్ని నెలల్లో ఈ నోటు గురించి నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న ఇది. బస్సులో చదివాను, దిగాల్సిన చోటు దాటిపోయింది.

నాలుగో పేజీ ఇంకా కష్టం. కచ్చితంగా తప్పు చేస్తావు. చేసి, ఎక్కడ చేశావో రాయి.

నీ చెల్లి,
భాను